ఎక్స్5 మీద రూఫ్ బాక్స్: ముందు సెట్టింగ్స్, తర్వాతే బార్లు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, పిల్లలకు సెలవులు, ఎల్లోస్టోనో కొలరాడోనో అని ప్లాన్ వేస్తాం. ఐదుగురు మనుషులు, పెద్ద సూట్‌కేసులు, స్ట్రోలర్, ఐస్ కూలర్, ఎలాగూ వదలని రైస్ కుక్కర్. బండి ఎంత లగ్జరీదైనా సగం సామానుకే డిక్కీ నిండిపోతుంది. అప్పుడు అందరూ బండి పైకప్పు మీద బిగించే సామాను పెట్టె, రూఫ్ బాక్స్ గురించే ఆలోచిస్తారు. ఆ బాక్సును మోసే అడ్డ కడ్డీలు, అంటే బార్లు, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసి, వీడియో ఒకటి చూసి, శనివారం పొద్దున బిగించేస్తారు. బార్లు బిగించడం నిజానికి అంత కష్టమేమీ కాదు. అసలు చిక్కంతా బండి తనంతట తాను చేసే పనులతోనే, ఎందుకంటే బండికి తన నెత్తి మీద ఏముందో తెలియదు. కాలు ఊపితే డిక్కీ లేస్తుంది, తాళం బటన్ నొక్కి పట్టుకుంటే సన్‌రూఫ్ తెరుచుకుంటుంది, అద్దం దగ్గర బటన్ నొక్కితే గరాజ్ తలుపు పైకి పోతుంది. మామూలు రోజుల్లో సుఖంగా ఉన్న ఈ సౌకర్యాలే పైన పెట్టె ఉన్నప్పుడు నష్టం తెస్తాయి. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు లెక్క, తర్వాత సెట్టింగ్స్, ఆ తర్వాతే బార్లు, చివరగా బాక్స్.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది బీఎండబ్ల్యూ ఎక్స్5, 2018లో వచ్చిన జీ05 తరం. అమెరికాలో మన ఇళ్ళ ముందు కనిపించేది సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారైంది, హైదరాబాద్ షోరూముల్లో దొరికేది చెన్నై ప్లాంటులో అసెంబుల్ అయింది. మీది వోల్వో ఎక్స్‌సీ90 అయినా, ఆడి క్యూ7 అయినా మెనూల పేర్లు మారతాయి గానీ పని ఇదే.

కొనే ముందు లెక్క

మాన్యువల్‌లో రూఫ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. ఎక్స్5కి అది 100 కిలోలు, అంటే 220 పౌండ్లు. చాలామంది దాన్ని సామాను బరువు అనుకుంటారు. కాదు, బార్లు, బాక్సు, లోపలి సామాను అన్నీ కలిపి 100. బార్ల జత 6 కిలోల దాకా తూగుతుంది, ఓ మాదిరి పెద్ద బాక్సు 20 కిలోల దగ్గర ఉంటుంది. మిగిలేది 74. ఎయిర్‌పోర్టు భాషలో చెప్పాలంటే 23 కిలోల చెక్-ఇన్ సూట్‌కేసులు మూడు, అంతే, నాలుగోది లేదు. పైగా చాలా బాక్సులకు వాటి సొంత పరిమితి కూడా 75 కిలోలే, బార్లకు ఇంకో పరిమితి ఉంటుంది. బండిది, బార్లది, బాక్సుది ఈ మూడు అంకెల్లో ఏది తక్కువైతే దానికి లోబడి ఉండాలి. బార్ల డబ్బా మీద పెద్ద అంకె ఉందని బండి పైకప్పుకు బలం పెరగదు.

ఇంకొకటి. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. పైన పెట్టిన బరువు ఆ లెక్కలోకి కూడా వస్తుంది. ఐదుగురు పెద్దవాళ్ళు కూర్చున్నాక ఎంత మిగులుతుందో ఒకసారి కూడి చూస్తే మీరే రెండు బ్యాగులు తగ్గిస్తారు.

బండి పైకప్పు మీద వేసుకుని పడుకునే రూఫ్ టెంట్ ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక మాట. బండి కదులుతున్నప్పుడు పైకప్పు మోయగల బరువు వేరు, ఆగి ఉన్నప్పుడు మోయగలిగేది వేరు. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110కి కదులుతున్నప్పుడు 168 కిలోలు, ఆగి ఉన్నప్పుడు 300 కిలోలు అని కంపెనీయే చెబుతుంది. అందుకే అడవుల్లో టెంట్లు వేసుకుని తిరిగేవాళ్ళు ఆ బండి మీద పడతారు. ఎక్స్5 ఆ పని కోసం చేసింది కాదు, బాక్సు, సైకిళ్ళు, స్కీలు దాకా చాలు.

తర్వాత మీ పైకప్పు ఏ రకమో చూసుకోండి. పైకప్పు రెండు అంచుల వెంట పొడవునా ఉండే కడ్డీయే రెయిల్. రెయిల్‌కీ పైకప్పుకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటే అది రెయిజ్డ్ రెయిల్. రెయిల్ పైకప్పుకు అంటుకుని సందు లేకుండా ఉంటే ఫ్లష్ రెయిల్, జీ05 ఎక్స్5లో ఉండేది ఇదే. అసలు రెయిలే లేకుండా చిన్న మూతల కింద బోల్టు రంధ్రాలు ఉంటే ఫిక్స్‌పాయింట్. బారును పైకప్పుకు పట్టి ఉంచే పాదాలు ఈ మూడింటికీ వేరు, ఒకదానివి ఇంకోదానికి పట్టవు. బార్లు, బాక్సులు తయారుచేసే థూలే లాంటి కంపెనీలైతే బార్లు వేరే, పాదాలు వేరే, మీ మోడల్‌కు సరిపోయే కిట్ వేరే అమ్ముతాయి. మూడూ కలిస్తేనే సెట్. వాళ్ళ సైట్‌లో సంవత్సరం, మోడల్, రెయిల్ రకం కొడితే ఏ కిట్ కావాలో చూపిస్తుంది. ఈ తంటా వద్దనుకుంటే బీఎండబ్ల్యూ సొంత బార్లు ఉన్నాయి, రేటు ఎక్కువ గానీ కొలతల టెన్షన్ ఉండదు. బిగించి ఏడాది పొడవునా వదిలేసేవాళ్ళకు కంపెనీ బార్లు, రేపు బండి మారిస్తే బార్లు కూడా వెంట తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు థూలే. నా అభిప్రాయం ఇది. తక్కువ రేటుకు దొరికే అన్ని బండ్లకూ పట్టే యూనివర్సల్ బార్ల జోలికి మాత్రం ఈ స్థాయి బండితో వెళ్ళొద్దు.

సెట్టింగ్స్: అరగంట పని, దీన్ని దాటేయొద్దు

మొదట డిక్కీ. ఎక్స్5 డిక్కీ రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది, కింది పలక మన వైపు వాలుతుంది, పై తలుపు ఆకాశం వైపు లేస్తుంది. బాక్సును బాగా వెనక్కి పెడితే ఈ పై తలుపు అంచు వచ్చి బాక్సు అడుగుకు కొట్టుకుంటుంది. మోటారు బలంగానే నెడుతుంది, అడ్డు తగిలి ఆగేలోపే పెయింటు మీద గీత పడిపోతుంది. అందుకే తెరుచుకునే ఎత్తు ముందే తగ్గించుకోండి. బీఎండబ్ల్యూ స్క్రీన్ మెనూల పేరే ఐడ్రైవ్, పాత ఐడ్రైవ్‌లో కార్ మెనూలోకి వెళ్ళి, సెట్టింగ్స్, డోర్స్ అండ్ కీ, అందులో టెయిల్‌గేట్ అని ఉంటుంది, అక్కడ ఎత్తు మార్చవచ్చు. 2023 తర్వాతి కొత్త స్క్రీన్ బండ్లలో మెనూల అమరిక మారింది, టెయిల్‌గేట్ అనే మాట కనిపించేదాకా వెహికిల్ సెట్టింగ్స్‌లో వెతకండి. ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటుంది. ఈ బండ్లలో చాలా సెట్టింగ్స్ డ్రైవర్ ప్రొఫైల్‌తో పాటు మారతాయి. మీ తాళంతో సరిగ్గా ఉన్న ఎత్తు మీ ఆవిడ తాళంతో పాత ఎత్తులోనే ఉండొచ్చు. రెండు తాళాలతోనూ విడివిడిగా తెరిచి చూడండి.

రెండోది బంపర్ కింద కాలు ఊపితే డిక్కీ తెరుచుకునే సౌకర్యం. చేతుల నిండా కిరాణా సంచులు ఉన్నప్పుడు బంగారం లాంటి ఫీచరే. కానీ బార్లు బిగిస్తూ బండి చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంటాం, తాళం జేబులో ఉంటుంది, కాలు ఎక్కడో బంపర్ కిందికి పోతుంది, తలుపు లేస్తుంది. దీనికి విరుగుడు సులువు, పని చేసేంతసేపూ తాళాలు రెండూ ఇంట్లోనే పెట్టండి, గరాజ్ గోడకు తగిలించడం కాదు, బండి పసిగట్టలేనంత దూరంలో, వంటింట్లో. దగ్గరకొస్తే అన్‌లాక్, దూరం పోతే లాక్ అయ్యే ఫీచర్ ఆన్‌లో ఉన్నా దీనితో అదీ ఊరుకుంటుంది. లేకపోతే మీరు బండి చుట్టూ తిరిగినప్పుడల్లా లైట్లు వెలిగి ఆరుతుంటాయి.

మూడోది సన్‌రూఫ్. ఎక్స్5 పనోరమిక్ అద్దం వెనక్కి జరిగేటప్పుడు పైకి లేచి పైకప్పు మీదుగా పోతుంది. పైన బార్లు ఉంటే వాటి కింద నుంచి దూరి వెళ్ళాలి. ఆ జాగా సరిపోతుందో లేదో చూసుకోమని మాన్యువల్ కూడా చెబుతుంది. తాళం మీద అన్‌లాక్ బటన్ నొక్కి పట్టుకుంటే కిటికీలతో పాటు సన్‌రూఫ్ కూడా తెరుచుకుంటుందన్నది చాలామందికి తెలియదు, జేబులో నొక్కుకున్నా తెలియదు. బార్లు బిగించాక, బాక్సు ఎక్కించకముందు, ఒకరు లోపల వేలు బటన్ మీద పెట్టుకుని, ఇంకొకరు స్టూలు మీద నిలబడి చూస్తుండగా నెమ్మదిగా తెరవండి. బారుకూ అద్దానికీ మధ్య వేలు పట్టేంత సందు కూడా లేకపోతే ట్రిప్ అయ్యేదాకా సన్‌రూఫ్ మూసి ఉంచడమే. వెనక సీటు పిల్లలకు కూడా చెప్పండి, వాళ్ళే ముందు అడుగుతారు.

ఇక సీట్లు, అద్దాలు. డిక్కీ పైదాకా నింపితే లోపలి అద్దంలో సూట్‌కేసులు తప్ప ఏమీ కనిపించవు, పక్క అద్దాల మీదే బండి నడపాలి. సామాను అంతా ఎక్కాక, మనుషులు కూర్చున్నాక, అప్పుడు అద్దాలు సర్దుకుని, డోర్ మీది సెట్ బటన్ నొక్కి, వెంటనే 1 నొక్కితే సీటు, అద్దాలు, స్టీరింగ్ ఆ స్థానంలో గుర్తుండిపోతాయి. ఇంకో డ్రైవర్‌కు 2. రివర్స్ వేయగానే ప్యాసింజర్ వైపు అద్దం కిందికి వంగి ఫుట్‌పాత్ అంచు చూపించే సౌకర్యం ఒకటుంది, చాలామంది అది తమ బండిలో లేదనుకుంటారు. ఉంటుంది. అద్దాలు సర్దే స్విచ్‌ను డ్రైవర్ వైపు అద్దానికి జరిపి ఉంచితే పనిచేస్తుంది, ప్యాసింజర్ వైపు జరిపి వదిలేస్తే పనిచేయదు. అంతే తేడా.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే అదృష్టవంతులు. మామూలు ఎత్తు నుంచి 40 మిల్లీమీటర్లు పైకీ, 40 కిందికీ వెళ్తుంది. సామాను ఎక్కించేటప్పుడు కిందికి దించడానికి డిక్కీలోనే బటన్ ఉంది. మోకాళ్ళ నొప్పుల అమ్మానాన్నలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా బండిని దించి ఆపితే ఆ కాస్త తేడా వాళ్ళకు బాగా తెలుస్తుంది.

బార్లు బిగించడం

నీడలో పెట్టండి. టెక్సస్ ఎండలో నల్లటి పైకప్పు మీద చెయ్యి పెట్టడం కూడా కష్టం. రెయిల్స్‌ను, వాటి పక్క పైకప్పును సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. పాదం అడుగున రబ్బరు ఉంటుంది కదా గీత పడదులే అనుకుంటారు, కానీ రబ్బరు కింద చిక్కిన దుమ్ము గీకేస్తుంది, వెయ్యి మైళ్ళ అదురుకు రెయిల్ మీద మచ్చ మిగులుతుంది.

పాదాలను బారుకు తగిలించే పని కింద కార్పెట్ మీద కూర్చుని చేయండి, పైకప్పు మీద కాదు. ముందు బారు, వెనక బారు ఒకటే అనిపిస్తాయి గానీ పైకప్పు వెడల్పు ముందొకలా వెనకొకలా ఉంటుంది, అందుకే వాటి మీద ముందు, వెనక, ఎడమ, కుడి గుర్తులు ఉంటాయి. ఎడమ అంటే డ్రైవర్ సీట్లో ముందుకు చూస్తూ కూర్చున్నవాడి ఎడమ.

పైకి ఎత్తడానికి ఇద్దరు కావాలి, చెరో వైపు ఒకరు, చెరో స్టూలు. ఒక్కరే ఎత్తితే రెండో కొస పైకప్పు మీద ఈడ్చుకుంటూ పోతుంది. రెయిల్ మీద ఊరికే ఆనించి, టేపు తీసుకుని విండ్‌షీల్డ్ పై అంచు నుంచి ముందు బారు దాకా రెండు వైపులా కొలవండి. బార్లతో వచ్చిన కాగితంలో ఎంతుంటే అంత, రెండు వైపులా సమానంగా. ఆ తర్వాత బారుకూ బారుకూ మధ్య దూరం. బాక్సు కాగితంలో కూడా బార్ల మధ్య ఇంత నుంచి ఇంత దాకా ఉండాలని రాసి ఉంటుంది. బార్ల కాగితం, బాక్సు కాగితం రెండూ పక్కపక్కన పెట్టుకుని రెండిటికీ సరిపోయే చోటు చూసుకోండి.

బిగించేటప్పుడు ఒక మూలను పూర్తిగా బిగించి రెండో మూలకు పోవద్దు. అలా చేస్తే బారు వంకరగా కూర్చుంటుంది, అటువైపు పాదం ఎంత తిప్పినా సరిగ్గా పట్టదు. ఈ వైపు నాలుగు తిప్పులు, ఆ వైపు నాలుగు, మళ్ళీ ఈ వైపు. బార్లతో వచ్చే తాళంచెవి లాంటి పనిముట్టు సరైన బిగువు వచ్చాక క్లిక్ అంటుంది, లేదా దాని మీది గుర్తులు ఒకదానికొకటి ఎదురుపడతాయి. అక్కడ ఆపండి. ఇంకా బలం ఉంది కదా అని మామూలు రెంచ్ పెట్టి తిప్పితే రెయిల్ సొట్టపడేది మీదే. బిగించాక బారును రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం స్ప్రింగుల మీద ఊగాలి, బారు మాత్రం రెయిల్ మీద వెంట్రుకవాసి కూడా జరగకూడదు.

బారు పైన పొడవునా గాడి ఉంటుంది, దానికి రబ్బరు పట్టీ. బాక్సు వచ్చే చోటు వదిలి మిగతా గాడిని ఆ పట్టీతో కప్పేయాలి. అది వదిలేస్తే 60 మైళ్ళ వేగం దగ్గర ఎవరో ఈల వేస్తున్నట్టు మోత మొదలవుతుంది, అంత నిశ్శబ్దంగా ఉండే క్యాబిన్‌లో అది మరీ చిరాకు. చివర్ల మూతలు కూడా పెట్టండి. మూతల తాళంచెవి మీద చిన్న నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి, చెవి పోతే ఆ నంబరుతో కొత్తది తెప్పించుకోవచ్చు.

బాక్సు, డిక్కీ పరీక్ష

ఖాళీ బాక్సును బార్ల మీద పెట్టి, బార్లకు పట్టించే క్లాంపులు వదులుగా ఉంచి, ముందుకు జరపండి. ఇప్పుడు అసలు పరీక్ష. ఒకరు బాక్సు వెనక అంచు దగ్గర కళ్ళు పెట్టాలి, ఇంకొకరు డిక్కీ బటన్ నొక్కి, తలుపు కాస్త లేవగానే మళ్ళీ నొక్కి ఆపాలి. ఇలా ఆపుతూ, కొంచెం కొంచెంగా, పూర్తిగా తెరుచుకునేదాకా. తలుపు పై అంచుకూ బాక్సుకూ మధ్య అరచెయ్యి పట్టాలి. పట్టకపోతే బాక్సును ఇంకా ముందుకు జరపండి, ఇక జరగకపోతే మెనూలో ఎత్తు ఇంకాస్త తగ్గించండి. సామాను నింపాక బార్లు కొద్దిగా వంగుతాయి, బాక్సు వెనక భాగం ఇంకాస్త కిందికి దిగుతుంది. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే అంచుకు అంచు సరిపోయిందని సంబరపడొద్దు.

లోపల బరువైనవి రెండు బార్ల మధ్య, అడుగున. ముందు కొసన, వెనక కొసన దుప్పట్లు, దిండ్లు, జాకెట్లు. అసలు బరువైన సూట్‌కేసులు డిక్కీలో పెట్టి, తేలికైనా చోటు ఎక్కువ పట్టే సామాను పైకి పంపడమే తెలివైన పని, ఎత్తు మీద బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో బండి ఒరుగుతుంది, ఎక్స్5 అయినా సరే. లోపలి బెల్టులు బిగించండి, మూత తాళం పడింది కదా అని వదిలేయొద్దు. ఆవకాయ జాడీ మాత్రం పైన పెట్టకండి. జూలై ఎండలో ఆ నల్ల బాక్సు లోపల నూనె ఊరి, గతుకుల్లో మూత వదులై, కొత్త బట్టల మీదికి వచ్చాక ఎవరినీ ఏమీ అనలేం.

రోడ్డెక్కే ముందు ఎత్తు కొలవండి

ఎక్స్5 ఎత్తు 1,745 మిల్లీమీటర్లు. దాని మీద బార్లు ఓ 10 సెంటీమీటర్లు, బాక్సు 40 పైన. మొత్తం రెండుంపావు మీటర్లు దాటుతుంది, అంటే 7 అడుగుల 4 అంగుళాల పైమాటే. అమెరికాలో మామూలు ఇంటి గరాజ్ తలుపు ఎత్తు 7 అడుగులు. డౌన్‌టౌన్ పార్కింగుల ముందు వేలాడే పట్టీ మీద 6 అడుగుల 8 అంగుళాలని కనిపించడం మామూలే. నేల మీద నుంచి బాక్సు పైదాకా టేపుతో మీరే కొలిచి, సస్పెన్షన్ పైకి ఎత్తితే వచ్చే 4 సెంటీమీటర్లు కూడా కలిపి, ఆ అంకెను పెద్దగా రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించండి.

ఇప్పుడు గరాజ్ బటన్. లోపలి అద్దం దగ్గర ఉండే ఆ బటన్‌ను చెయ్యి అలవాటుగా నొక్కేస్తుంది, రాత్రి పన్నెండింటికి అలసిపోయి ఇంటికొచ్చి, తలుపు లేవగానే బండి లోపలికి పోనిస్తారు. పార్కింగ్ సెన్సార్లు బంపర్ ఎదురుగా ఉన్నవాటిని చూసి మోగుతాయి గానీ నెత్తి మీద బాక్సుకు తలుపు తగులుతుందని చెప్పవు. బాక్సు పెట్టిన రోజే ఆ బటన్ మీద రంగు టేపు అంటించేయండి. నాకు తెలిసి ఇంతకంటే చవకైన ఇన్సూరెన్స్ లేదు.

హైదరాబాద్, విజయవాడ వాళ్ళకు ఇదే బాధ అపార్ట్‌మెంట్ సెల్లార్ దగ్గర వస్తుంది. ర్యాంప్ దిగేచోట ముందు చక్రాలు కిందికి పోయి వెనక భాగం పైకి లేస్తుంది, సరిగ్గా అక్కడే బీమ్ ఉంటుంది. బోర్డు మీది ఎత్తు సమతలానికి లెక్క, వాలుకు కాదు. కాలనీ వీధుల్లో కిందికి వేలాడే కేబుల్ వైర్లు, చెట్ల కొమ్మలు కూడా చూసుకోవాలి. సామాను బండి పక్కలకో ముందుకో వెనక్కో పొడుచుకొచ్చినా, ఎత్తు పరిమితి దాటినా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 20,000 రూపాయల జరిమానా ఉంది. బాక్సు బండి వెడల్పులోనే ఉంటుంది గానీ నిచ్చెనలు, పైపుల్లాంటివి కట్టేవాళ్ళు ఆలోచించుకోవాలి.

మొదటి 30 మైళ్ళు, తర్వాతి రోడ్డు

బయల్దేరాక 30 మైళ్ళకు ఒకసారి ఆగి, బార్ల పాదాలు, బాక్సు క్లాంపులు మళ్ళీ చూడండి. కొత్త రబ్బరు అదురుకు సర్దుకుని కాస్త వదులవుతుంది, పనిముట్టును ఇంట్లో వదిలేయకుండా డోర్ పాకెట్‌లో పెట్టుకోండి. ఆ తర్వాత పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా బాక్సును ఒకసారి ఊపి చూస్తే చాలు. టైర్లలో గాలి ఫుల్ లోడ్‌కు ఎంతుండాలో స్టిక్కర్ చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.

వేగం విషయంలో థూలే తన కాగితాల్లో గంటకు 130 కిలోమీటర్లు దాటొద్దంటుంది, సుమారు 80 మైళ్ళు. అది గరిష్ఠం మాత్రమే. వయోమింగ్ లాంటి చోట పక్క నుంచి గాలి కొడుతుంటే, పక్కన పెద్ద ట్రక్కు దాటుతుంటే, 65 దగ్గర ఉంటేనే చేతులకు హాయి. జేబుకు కూడా. బాక్సు వల్ల మైలేజి సిటీలో 2 నుంచి 8 శాతం, హైవేలో 6 నుంచి 17 శాతం, 65-75 మైళ్ళ ఇంటర్‌స్టేట్ వేగాల్లో 10 నుంచి 25 శాతం దాకా తగ్గవచ్చని అమెరికా ప్రభుత్వ ఫ్యూయల్ ఎకానమీ సమాచారం చెబుతోంది. ఖాళీ బాక్సు కూడా గాలికి అడ్డే కాబట్టి ట్రిప్ అయ్యాక మళ్ళీ వాడతాంలే అని నెలల తరబడి పైనే ఉంచేసేవాళ్ళు ఊరికే డబ్బు తగలేస్తున్నట్టే. బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ కార్ వాష్‌లోకి బార్లతో వెళ్ళొద్దు, చేతితో కడిగించుకోండి.

తీసేటప్పుడు కూడా ఇద్దరే. బాక్సు ఖాళీ చేసి, దించి, బార్లు వదులు చేసి ఎత్తి, రెయిల్స్ తుడిచి, రబ్బరు ముద్ర పడిన చోట కాస్త వ్యాక్స్ రుద్దండి. డిక్కీ ఎత్తు రెండు ప్రొఫైళ్ళలోనూ పెంచి, అద్దం బటన్ మీది టేపు పీకేయండి. బోల్టులు, చెవులు, కాగితాలు అన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి బాక్సు లోపలే పెడితే వచ్చే ఏడాది వెతుక్కోనక్కర్లేదు. బాక్సును గరాజ్ గోడకు నిలువుగా ఆనించి బెల్టుతో కట్టండి. దాని మీద మాత్రం పాత పెయింటు డబ్బాలు, క్రిస్మస్ లైట్ల అట్టపెట్టెలు పేర్చకండి, మూత వంగిందంటే తర్వాత తాళం పడదు.